విండోస్ వీఎం పాజ్ అయింది, హోస్ట్ డిస్క్ నిండిపోయింది, లోపల రేపటి శుభలేఖ ఉంది

తెనాలి_ప్రెస్ · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొంచెం అర్జెంటు. ల్యాప్‌టాప్‌లో (అదే హోస్ట్) ఉబుంటు 24.04 లైనక్స్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. కేవీఎం (లైనక్స్‌లోని వర్చువల్ మెషీన్ల ఏర్పాటు) మీద వర్ట్-మేనేజర్ యాప్‌తో నాలుగు వీఎంలు, అంటే కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్లు, పెట్టుకున్నాను. ఒకటి విండోస్ 10. మాది ప్రింటింగ్ ప్రెస్. నాన్నగారి కాలం నుంచీ శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే చేస్తాం. దానికోసమే ఈ విండోస్. మిగతా మూడూ ఆల్మాలైనక్స్ 9. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే రెడ్ హ్యాట్ లైనక్స్ అడ్మిన్ పరీక్షకి ప్రాక్టీస్ చేస్తున్నాను.

ఇందాక ఒక పెళ్ళి కార్డు దిద్దుతుంటే విండోస్ తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. వర్ట్-మేనేజర్‌లో ఆ వీఎం కింద "పాజ్‌డ్" అని ఉంది. రెజ్యూమ్ నొక్కితే అర సెకను కదిలి మళ్ళీ పాజ్. ఉబుంటులో డీఎఫ్ (డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చెప్పే కమాండ్) కొట్టి చూస్తే రూట్ పార్టిషన్ (ఉబుంటు ఉన్న ప్రధాన భాగం) 100 శాతం, ఖాళీ 0. కానీ విండోస్‌కి 100 జీబీ డిస్క్ ఇచ్చాను, మధ్యాహ్నం చూసినప్పుడు సీ డ్రైవులో 59 జీబీ ఖాళీ ఉంది. లోపల అంత ఖాళీ ఉండగా బయట ఎట్లా నిండింది?

కార్డు చివరిసారి సేవ్ చేసి ఇరవై నిమిషాలపైనే అయింది. రేపు పొద్దున్నే పెళ్ళివాళ్ళు ప్రూఫ్ చూడ్డానికి వస్తారు. ఫోర్స్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయనా?

గోదారి_గట్టు · రాత్రి 9:19

ఫోర్స్ ఆఫ్ చేయకు తమ్ముడూ. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ కూడా చేయకు. ఛార్జర్ పెట్టి ఉంచు.

నీ కార్డు ఎక్కడికీ పోలేదు, వీఎం మెమరీలో భద్రంగా ఉంది. బయట డిస్క్‌లో చోటు లేక రాత ఆగిపోతే, వీఎంని నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ ఆ ఎర్రర్‌ని విండోస్‌కి చెప్పదు. వీఎంనే ఎక్కడిదక్కడ ఆపేసి, ఆ రాతని చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. డీఫాల్టుగా దాని పద్ధతి ఇదే. హోస్ట్‌లో చోటు చేసి రెజ్యూమ్ నొక్కితే అదే రాతని మళ్ళీ రాస్తుంది. విండోస్‌కి మధ్యలో ఏదో జరిగిందని కూడా తెలీదు. ఫోర్స్ ఆఫ్ నొక్కితే మాత్రం కరెంటు పీకేసినట్టే.

ఇప్పుడు కావలసింది నాలుగైదు జీబీలు, అంతే. ఐఎస్ఓ ఫైళ్ళు (ఇన్‌స్టాల్ డీవీడీల ఫైలు రూపాలు) ఎక్కడున్నాయి? ముందు వాటిని తీసెయ్. లోపల ఖాళీ, బయట నిండుగా ఎందుకుందో తర్వాత మాట్లాడుకుందాం.

తెనాలి_ప్రెస్ · రాత్రి 9:26

థాంక్స్ అన్నా. డౌన్‌లోడ్స్‌లో రెండున్నాయి. ఆల్మా డీవీడీ ఐఎస్ఓ 10 జీబీ పైన, విండోస్‌ది 5.5. ఫైల్స్ యాప్‌లో రెండూ డిలీట్ చేశాను. డీఎఫ్‌లో ఒక్క ఎంబీ కూడా మారలేదు.

వరంగల్_వీణ · రాత్రి 9:28

ట్రాష్‌లో ఉంటయ్ తమ్మీ. ఫైల్స్ యాప్‌ల డిలీట్ కొడితే అదే పార్టిషన్ మీదున్న ట్రాష్ ఫోల్డర్‌లకు పోతది, జాగా ఏం ఖాళీ కాదు. ట్రాష్ ఖాళీ చెయ్.

తెనాలి_ప్రెస్ · రాత్రి 9:33

చేశాను అక్కా. 10 జీబీ వచ్చింది. కానీ రెండూ కలిపి 16 రావాలి కదా. విండోస్ ఐఎస్ఓది రాలేదు. ఫైలు మాత్రం కనబడట్లేదు.

గోదారి_గట్టు · రాత్రి 9:37

10 చాలు. ముందు రెజ్యూమ్ నొక్కి కార్డు సేవ్ చేసుకో. మిగతా సంగతి ఆ తర్వాత.

తెనాలి_ప్రెస్ · రాత్రి 9:41

అన్నా, వచ్చేసింది! కర్సర్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే. వరుడి తాతగారి పేరు సగం టైపు చేసి ఉన్నాను, ఆ సగం పేరు అట్లాగే ఉంది. సేవ్ చేశాను, పీడీఎఫ్ తీసి ఫోన్‌కి కూడా పంపుకున్నాను. మీ రుణం ఉంచుకోను. తెనాలి వస్తే ఇంటికి రావాలి మీరు.

గోదారి_గట్టు · రాత్రి 9:58

చాలా సంతోషం. ఇప్పుడు ఆ 5.5 జీబీ సంగతి. విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పటి ఐఎస్ఓ ఆ వీఎం సీడీ డ్రైవులో ఇంకా తగిలించే ఉండుంటుంది. క్యూఈఎంయూ ఆ ఫైలుని తెరిచి పట్టుకుంది. లైనక్స్‌లో ఫైలు పేరు తీసేసినా, ఎవరైనా దాన్ని తెరిచి ఉంచితే బ్లాకులు వెనక్కి రావు. తెరిచి ఉన్న ఫైళ్ళు చూపించే ఎల్ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కి ప్లస్ ఎల్1 ఇచ్చి సుడోతో (అడ్మిన్ హక్కుతో) నడుపు, ఆ ఫైలు పక్కన "డిలీటెడ్" అని కనిపిస్తుంది. వర్ట్-మేనేజర్‌లో సీడీ పేజీకెళ్ళి డిస్క్ తీసేస్తే అవీ వచ్చేస్తాయి. అది తీయకుండా షట్‌డౌన్ చేస్తే రేపు వీఎం లేవదు, "ఫైలు దొరకలేదు" అంటుంది. అప్పుడు భయపడకు.

ఇదే సూత్రం ఇంకోవైపు కూడా పనికొస్తుంది. వీఎం నడుస్తుండగా పొరపాటున దాని క్యూకౌ2 ఫైలునే (వీఎం డిస్క్ మొత్తం ఉండే ఫైలు) తీసేసినవాళ్ళని చూశాను. అప్పుడు కూడా వీఎంని ఆపకూడదు. ఆ ప్రాసెస్ బతికున్నంతవరకు ప్రాక్ (నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ఫోల్డర్) కింద దాని ఎఫ్‌డీ ఫోల్డర్‌లో ఫైలు ఉంటుంది. వీఎంని పాజ్‌లో పెట్టి అక్కడి నుంచి కాపీ తీసుకోవచ్చు.

తెనాలి_ప్రెస్ · శనివారం ఉదయం 11:40

పెళ్ళివాళ్ళు వచ్చి ప్రూఫ్ ఓకే చేసి వెళ్ళారు. ఇప్పుడు నిదానంగా నేర్చుకుంటాను. డీయూతో (ఫైళ్ళు ఆక్రమించిన చోటు చెప్పే కమాండ్) చూసిన లెక్క ఇదీ:

విండోస్ 87 జీబీ. ఆల్మా మూడూ 21, 18, 26. మొత్తం 152. నా హోమ్ 38, మిగతా సిస్టమ్ 15. పార్టిషన్ మొత్తం 233. నిన్న ఐఎస్ఓలతో కలిపి 221 వాడుకలో ఉంది, అంటే ఇంకా 12 ఉండాలి. మరి డీఎఫ్ 0 అని ఎందుకు చూపించింది? ఇంకోటి, 256 అని కొన్నది 233 ఎట్లా అయింది?

పాత_పెంగ్విన్ · శనివారం మధ్యాహ్నం 12:25

బాబూ, పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

కంపెనీవాళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. డీఎఫ్ లెక్కలో జీ అంటే 1024ని మూడుసార్లు హెచ్చవేసినది. ఆ లెక్కన 256 కాస్తా 238 అవుతుంది. అందులో బూట్ పార్టిషన్, ఫైల్‌సిస్టమ్ సొంత పట్టికలు కొంత తీసుకుంటాయి.

ఇక ఆ 12. ఈఎక్స్‌టీ4 (నీ ఉబుంటు డిస్క్ మీదున్న ఫైల్‌సిస్టమ్, అంటే ఫైళ్ళని అమర్చే పద్ధతి) తయారయ్యేటప్పుడు 5 శాతం రూట్ యూజర్, అంటే అడ్మిన్, కోసం పక్కన పెడుతుంది. 233లో 5 శాతం అంటే దాదాపు 12. డిస్క్ నిండినా సిస్టమ్ సేవలు ఊపిరి పీల్చుకోవడానికి ఆ ఏర్పాటు. ఉబుంటులో నీ వీఎం నడిచేది లిబ్‌వర్ట్-క్యూఈఎంయూ అనే మామూలు యూజర్ పేరు మీద. దానికి ఆ 12లో హక్కు లేదు. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో 5ని 2 చేస్తే ఓ 7 జీబీ అప్పటికప్పుడు వస్తుంది, పార్టిషన్ అన్‌మౌంట్ చేయక్కర్లేదు. నిన్న ఐఎస్ఓలు లేకపోతే అదే చేయమనేవాణ్ణి. రూట్ పార్టిషన్ మీద సున్నా మాత్రం చేయకు.

డల్లాస్_దుర్గ · శనివారం మధ్యాహ్నం 1:05

వర్చువల్‌బాక్స్ (వీఎంలు నడిపే ఇంకో ప్రోగ్రాం) వాడేవాళ్ళం కూడా ఉన్నాం కాబట్టి ఒక మాట. వీడీఐ (దాని వీఎం డిస్క్ ఫైలు) "డైనమిక్" అని పెట్టినా అదీ పెరగడమే, తగ్గడం ఉండదు. గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) లైనక్స్ అయితే రికవరీ మోడ్‌లో పార్టిషన్ రీడ్-ఓన్లీ చేసి, ఖాళీ చోటులో సున్నాలు నింపే జీరోఫ్రీ నడిపి, వీఎం ఆపి, బయట వీబాక్స్‌మేనేజ్‌తో మాడిఫైమీడియం కాంపాక్ట్ ఇస్తాను. విండోస్‌లో జీరోఫ్రీ బదులు ఎస్‌డిలీట్‌కి జెడ్ ఆప్షన్. మీ కేవీఎంలో కూడా అట్లాగే సున్నాలు నింపాలా?

అమీర్‌పేట_టెర్మినల్ · శనివారం మధ్యాహ్నం 1:30

అంత అవసరం లేదు బ్రో. 41 జీబీనే వాడుతున్నావు కదా, క్యూఈఎంయూ-ఐఎంజీ రీసైజ్‌తో 60 జీబీకి తగ్గించెయ్. ష్రింక్ అనే ఆప్షన్ కూడా ఇవ్వాలి, లేకపోతే ఒప్పుకోదు. ఒక్క కమాండ్‌తో అయిపోతుంది.

గోదారి_గట్టు · శనివారం మధ్యాహ్నం 1:44

ఆ కమాండ్ ఎవరూ కొట్టొద్దు, దయచేసి. ఆ ష్రింక్ ఆప్షన్ విడిగా అడిగి తీసుకునేది ప్రమాదం కాబట్టే. 60 జీబీ దగ్గర గీత గీసి, అవతల ఏముందో చూడకుండా కోసేస్తుంది. విండోస్ ఫైళ్ళు 41 జీబీలే అయినా అవి డిస్క్ మొదట్లోనే వరసగా ఉండవు. చాలాసార్లు రికవరీ పార్టిషన్ చివర్లోనే ఉంటుంది. ముందు లోపల పార్టిషన్లు తగ్గించుకోకుండా బయట కోస్తే ఈ తమ్ముడి ప్రెస్ ఫైళ్ళన్నీ పోతాయి.

దుర్గగారూ, సున్నాలు నింపే పద్ధతి క్యూకౌ2కి పాతకాలం వైద్యం. హోస్ట్ అంచుల దాకా నిండి ఉన్నప్పుడు అస్సలు పనికిరాదు. లోపల రాసిన ప్రతి సున్నాకీ బయట బ్లాకు కేటాయింపు జరుగుతుంది. 87 జీబీ ఫైలు 100 అయ్యాకే తగ్గించే మాట.

తమ్ముడూ, నీ అసలు ప్రశ్నకి వస్తాను. క్యూకౌ2 ఫైలు పల్చగా మొదలవుతుంది. విండోస్ ఎప్పుడైనా ఒక బ్లాకులో రాస్తే బయట దానికి చోటు తీసుకుంటుంది. తర్వాత విండోస్ ఆ ఫైలు డిలీట్ చేస్తే తన పట్టికలో "ఇది ఖాళీ" అని రాసుకుంటుంది, అంతే. ఆ కబురు బయటికి చేరదు. పాత శుభలేఖల స్కాన్లు, విండోస్ అప్‌డేట్లు వచ్చి పోయిన చోటంతా బయట అట్లాగే ఉండిపోయింది. 41కీ 87కీ మధ్య తేడా అదే.

ఆ కబురు చేరవేసే దారి ఉంది. దాని పేరు డిస్కార్డ్. అది మూడు చోట్ల తెరవాలి: గెస్ట్ ట్రిమ్ (ఈ బ్లాకులు ఖాళీ అనే కబురు) పంపాలి, మధ్యలో ఉన్న డిస్క్ బస్ (వీఎంకి డిస్క్ తగిలించే దారి) దాన్ని మోయాలి, బయట క్యూఈఎంయూ "అన్‌మ్యాప్" అని ఒప్పుకోవాలి. నీ విండోస్ డిస్క్ ఏ బస్ మీద ఉంది? సాటానా (మామూలు డిస్క్ కనెక్షన్), వర్టియోనా (వీఎంల కోసమే చేసినది)?

తెనాలి_ప్రెస్ · శనివారం సాయంత్రం 6:10

సాటా అన్నా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదే వచ్చింది. విండోస్‌లో డీఫ్రాగ్ (ఫైళ్ళ ముక్కల్ని ఒకచోట చేర్చడం) చేస్తే ఏమన్నా తగ్గుతుందా? మా షాపులో పాత కంప్యూటర్లకి నెలనెలా చేసేవాళ్ళం.

గోదారి_గట్టు · శనివారం రాత్రి 8:30

డీఫ్రాగ్ వద్దు. అది ఫైళ్ళని ఇంతవరకు ముట్టని కొత్త బ్లాకుల్లోకి జరుపుతుంది, బయట ఫైలు ఇంకా లావవుతుంది.

డిస్క్ బస్‌ని వర్టియో-స్కజీకి మార్చు, అది ట్రిమ్‌ని మోస్తుంది. నేరుగా బస్ మార్చేసి ఆన్ చేస్తే విండోస్‌కి డ్రైవర్ ఉండదు, బూట్ డివైస్ దొరకలేదని నీలి తెర వేస్తుంది. కాబట్టి దొడ్డిదారిన డ్రైవర్ లోపల పెట్టాలి. ఫెడోరా లైనక్స్‌వాళ్ళు ఇచ్చే, విండోస్‌కి వర్టియో డ్రైవర్లున్న వర్టియో-విన్ ఐఎస్ఓ దింపుకో. వీఎం ఆపి, 1 జీబీ ఉత్త డిస్క్ ఒకటి స్కజీ బస్ మీద అదనంగా తగిలించు. కంట్రోలర్ మోడల్ వర్టియో-స్కజీ అని ఉందో లేదో చూడు. విండోస్ పాత డిస్క్ మీదే సాటాలో లేస్తుంది, డివైస్ మేనేజర్‌లో కొత్త కంట్రోలర్ పసుపు గుర్తుతో కనిపిస్తుంది. దానికి ఐఎస్ఓలోంచి వయోస్కజీ డ్రైవర్ వెయ్యి. షట్‌డౌన్ చేసి, ఇప్పుడు అసలు డిస్క్ బస్‌ని స్కజీ చేసి, అదే పేజీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద డిస్కార్డ్ మోడ్‌ని "అన్‌మ్యాప్" చెయ్యి. బస్ మార్చాక బూట్ ఆప్షన్స్‌లో ఆ డిస్క్‌కి టిక్ పోతుంటుంది, అది మళ్ళీ పెట్టు. ఉత్త డిస్క్ తీసెయ్.

విండోస్ లేచాక "డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" తెరువు. మీడియా టైప్ దగ్గర "థిన్ ప్రొవిజన్డ్ డ్రైవ్" అని కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే. ఇప్పుడు ఆప్టిమైజ్ నొక్కు. అది డీఫ్రాగ్ కాదు, రీట్రిమ్.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక్క పని. నీ శుభలేఖల ఫోల్డర్ మొత్తం ఏదైనా ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చేసుకో. క్యూకౌ2 ఫైలు కాదు, లోపలున్న ఫైళ్ళు.

పాత_పెంగ్విన్ · శనివారం రాత్రి 9:15

ఆ చివరి మాటకి నేను ఇంకొంచెం బరువు పెడతాను. నాయనా, నాన్నగారి కాలం నుంచీ ఉన్న ఫైళ్ళు అన్నావు. అను ఫాంట్లతో టైపు చేసినవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. వాటిని మళ్ళీ తెరవాలంటే అదే ఫాంట్, అదే లేఅవుట్, దాదాపు అదే విండోస్ కావాలి. అన్నీ ఒకే ఒక్క క్యూకౌ2లో, ఒకే ఒక్క ఎస్ఎస్‌డీ మీద ఉన్నాయి. డిస్క్ చోటు కన్నా ఇదే నాకు ఎక్కువ దిగులు పుట్టించింది.

పని ఫైళ్ళు వీఎం బయట పెట్టుకో. హోస్ట్‌లో ఒక ఫోల్డర్ పెట్టి సాంబాతో విండోస్‌కి నెట్‌వర్క్ డ్రైవ్‌లాగా చూపించు. అప్పుడు విండోస్ పోయినా కార్డులు పోవు, బ్యాకప్ తీయడం మామూలు ఫోల్డర్ కాపీ అవుతుంది, క్యూకౌ2 కూడా ఊరికే పెరగదు. పూర్తయిన ప్రతి కార్డుకీ పీడీఎఫ్ ఒకటి పక్కన ఉంచు. ఇరవై ఏళ్ళ తర్వాత తెరుచుకునేది అదే.

ఇంకోటి, వీఎం నడుస్తుండగా క్యూకౌ2ని కాపీ చేసి బ్యాకప్ అనుకోవద్దు. కాపీ మొదలైనప్పటి స్థితి ఒకటి, ముగిసేసరికి మరొకటి. అది తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

తెనాలి_ప్రెస్ · ఆదివారం రాత్రి 10:05

ఫైళ్ళు అన్నీ కాపీ చేశాకే మొదలుపెట్టాను మాస్టారూ. డ్రైవర్, బస్ మార్పు అన్నీ గోదారి అన్న చెప్పినట్టే అయ్యాయి. "థిన్ ప్రొవిజన్డ్ డ్రైవ్" అని కనిపించినప్పుడు మా చెల్లిని పిలిచి చూపించాను.

ఆప్టిమైజ్ నడిపాక రెండు సందేహాలు. ఫైల్స్ యాప్‌లో ఆ క్యూకౌ2 సైజు ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే చూపిస్తోంది, ఎల్ఎస్ కమాండ్ కూడా అంతే. డీయూ మాత్రం 71 అంటోంది. ఏది నమ్మాలి? 71 నిజమైతే, 41 వాడకానికి ఇంకా 30 ఎక్కువ ఎందుకుంది?

వరంగల్_వీణ · ఆదివారం రాత్రి 10:20

డీయూ నమ్ము. ఎల్ఎస్ చూపించేది ఫైలు పొడుగు, డీయూ చెప్పేది డిస్క్ మీద నిజంగ ఆక్రమించిన జాగా. ట్రిమ్ చేసినప్పుడు ఫైలు మధ్యల రంధ్రాలు పడతయ్, పొడుగు తగ్గదు. క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫోల "డిస్క్ సైజ్" అని వచ్చేది కూడా డీయూ లెక్కనే.

మిగిలిన 30కి స్నాప్‌షాట్ ఏమన్న తీసి పెట్టుకున్నవా?

తెనాలి_ప్రెస్ · ఆదివారం రాత్రి 10:31

ఉంది అక్కా! విండోస్ ఇన్‌స్టాల్ అయిన కొత్తలో అను ఫాంట్లు వేసే ముందు ఒకటి తీశాను. మర్చిపోయాను.

వరంగల్_వీణ · ఆదివారం రాత్రి 10:48

అదే సంగతి. స్నాప్‌షాట్ అంటే "ఆ రోజు ఎట్లున్నదో అట్ల దాచు" అని మాట తీసుకున్నట్టు. ఆ రోజు ఉన్న బ్లాకులను విండోస్ ఇయ్యాల తుడిచేసినా క్యూకౌ2 వాటిని ఇడిచిపెట్టదు. ఎంత ట్రిమ్ కొట్టినా అవి రావు. ఇప్పుడు అక్కర లేదనుకుంటే వీఎం ఆపి ఆ స్నాప్‌షాట్ తీసెయ్, మళ్ళ ఒకసారి ఆప్టిమైజ్ నడుపు. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, ఒక రోజు ప్రయోగానికి తీస్కొని పనైనంక తీసెయ్యాలె.

అట్లనే వీఎంలను "సేవ్" చేసి వదిలేస్తున్నవేమో చూస్కో. షట్‌డౌన్ బదులు సేవ్ కొడితే ర్యామ్‌ల ఉన్నదంతా డిస్క్ మీదికి ఎక్కుతది. 8 జీబీ ర్యామ్ ఇచ్చిన వీఎంకు 8 దాకా పోవచ్చు. వార్ లిబ్ లిబ్‌వర్ట్ క్యూఈఎంయూ సేవ్ ఫోల్డర్‌ల ఉంటయ్ అవి.

తెనాలి_ప్రెస్ · ఆదివారం రాత్రి 11:36

44 జీబీ! 87 నుంచి 44. ఒక్క ఫైలు పోలేదు. ఇప్పుడే పది పాత కార్డులు తెరిచి చూశాను.

గోదారి_గట్టు · సోమవారం ఉదయం 7:50

భేష్. ఇప్పుడు ఆల్మా మూడింటి సంగతి. వాటికీ అన్‌మ్యాప్ పెట్టి లోపల సుడోతో ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్‌కి ఏవీ ఆప్షన్ ఇచ్చి నడిపితే తగ్గుతాయి. ఆల్మా మామూలుగా ఎక్స్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌ని ఎల్‌వీఎం (డిస్క్ చోటుని పంచిపెట్టే పొర) మీద పెడుతుంది, ట్రిమ్ ఎల్‌వీఎం దాటి వెళ్ళడానికి ఇబ్బంది లేదు. ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఆన్ చేసి పెడితే వారానికోసారి దానంతటదే చేసుకుంటుంది.

కానీ పరీక్ష ప్రాక్టీస్‌కి మూడు పూర్తి ఇన్‌స్టలేషన్లు ఎందుకు? వీణగారు ఈ పనే రోజూ చేస్తారు, ఆవిడ చెప్తే బాగుంటుంది.

వరంగల్_వీణ · సోమవారం రాత్రి 8:15

నా పద్ధతి చెప్తా, దాంతోపాటు నేను చేసిన తప్పు కూడా చెప్తా.

ఒక్క ఆల్మాను మినిమల్‌గ ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ చేసి, ఆపేస్త. వర్ట్-సిస్‌ప్రెప్ నడిపితే మెషీన్ ఐడీ, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు అసొంటివి తుడుచుకపోతయ్, లేకుంటే కాపీలన్నీ ఒక్కటే మనిషి లెక్క నెట్‌వర్క్‌ల కొట్లాడుకుంటయ్. ఇగ అది బేస్. దాని మీద క్యూఈఎంయూ-ఐఎంజీ క్రియేట్‌తో మూడు ఓవర్‌లేలు. స్మాల్ బీతోని బేస్ ఫైలు పేరు, క్యాపిటల్ ఎఫ్‌తోని బేస్ ఏ ఫార్మాటో చెప్పాలె. క్యూఈఎంయూ 6.1 నుంచి ఆ ఫార్మాట్ చెప్పకపోతే ఒప్పుకోదు. పుట్టినప్పుడు ఓవర్‌లే సైజు వందల కేబీలే. బేస్‌ల ఉన్నది అక్కడి నుంచే చదువుతది, మార్పులు మాత్రమే తన దగ్గర రాస్కుంటది. రూట్ పాస్‌వర్డ్ రీసెట్ ప్రాక్టీస్ చేసి బూట్ ఆగం చేస్కున్నవ్ అనుకో, ఓవర్‌లే తీసేసి కొత్తది తయారుచేస్త, రెండు సెకన్ల పని. పరీక్షకు కావాల్సింది గదే కద.

ఇప్పుడు తప్పు. బేస్‌ల ఒక ప్యాకేజీ మర్చిపోయిన అని ఒకనాడు బేస్‌నే బూట్ చేసి డీఎన్ఎఫ్ అప్‌డేట్ కొట్టిన. దాని మీద అప్పటికే నాలుగు ఓవర్‌లేలు ఉన్నయ్. నాలుగు కూడా చెడిపోయినయ్. కింద బ్లాకులు మారినయ్, పైనున్నవాటికి పాత నమ్మకం. రెండు వారాల ల్యాబ్ పని పోయింది. ఆనాటి నుంచి బేస్ తయారు కాంగనే ఛ్యాటర్ కమాండ్‌కు ప్లస్ ఐ కొట్టి తాళం వేస్త. రూట్ కూడా మార్చలేడు, తీసెయ్యలేడు. ఫైలు పేర్లనే "బేస్" అని, తారీఖు పెట్టుకుంట.

ఒకవేళ నువ్వు ఫెడోరాకు మారుతవనుకో, అక్కడ 33 నుంచి డెస్క్‌టాప్‌ల బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వస్తది. అది కూడా కాపీ-ఆన్-రైట్ (పాతదాని మీద రాయక కొత్త జాగల రాసుడు), క్యూకౌ2 కూడా దాని తీరే. రెండు ఒకదాని మీద ఒకటి పడితే ఫైలు ముక్కలు ముక్కలైతది. ఇమేజ్‌ల ఫోల్డర్ ఖాళీగ ఉన్నప్పుడే ఛ్యాటర్‌కు ప్లస్ క్యాపిటల్ సీ పెట్టి కాపీ-ఆన్-రైట్ ఆపాలె. ఫైళ్ళు పెట్టినంక పెడితే పాతవాటికి వర్తించదు. ఆ ఫోల్డర్‌ల ఫైళ్ళకు చెక్‌సమ్ (ఫైలు చెడిందా అని పట్టే లెక్క), కంప్రెషన్ రెండూ ఉండవు, అది తెలిసి చేస్కోవాలె.

అమీర్‌పేట_టెర్మినల్ · సోమవారం రాత్రి 9:02

రీసైజ్ గురించి నేను చెప్పింది తప్పే. గోదారి అన్నకి థాంక్స్, నా ఖాళీ వీఎం మీద కొట్టి చూశాను, నిజంగానే లేవలేదు. ఇంకో ప్రశ్న. ఇదంతా కాకుండా ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొనుక్కుని వీఎంలు అక్కడికి మార్చేస్తే సరిపోదా?

గోదారి_గట్టు · సోమవారం రాత్రి 9:40

కొట్టి చూసి చెప్పినందుకు నీకే థాంక్స్. ఖాళీ వీఎం మీద చూడటం సరైన పద్ధతి.

ఎక్స్‌టర్నల్ మంచిదే, నేనూ వాడతాను. కాకపోతే కొన్నప్పుడు దాని మీద ఉండేది చాలాసార్లు ఎక్స్‌ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్. దానికి లైనక్స్ పర్మిషన్లు తెలీవు, రంధ్రాలున్న ఫైళ్ళు తెలీవు. 44 జీబీ ఆక్రమించే ఫైలు అక్కడికి వెళ్ళాక పూర్తి పొడుగుకి ఉబ్బుతుంది. దాన్ని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చెయ్యి. కాపీకి ఆర్‌సింక్ కమాండ్ వాడితే, రంధ్రాలు అట్లాగే ఉండేలా స్పార్స్ ఆప్షన్ ఇవ్వు.

డెస్క్‌టాప్ దానంతటదే మౌంట్ చేసే మీడియా ఫోల్డర్ కింద పెడితే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి నువ్వు వెళ్ళగలవు కానీ లిబ్‌వర్ట్-క్యూఈఎంయూ యూజర్ వెళ్ళలేడు. ఉబుంటు 21.04 నుంచి హోమ్ ఫోల్డర్‌కీ అదే కథ, బయటి యూజర్లకి తలుపు మూసే వస్తుంది. ఎస్ఆర్‌వీ కింద ఒక ఫోల్డర్ చేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ తగలాలో రాసే ఫైలు) యూయూఐడీతో (డిస్క్ గుర్తింపు సంఖ్య) అక్కడ మౌంట్ చెయ్యి. నోఫెయిల్ అని తప్పకుండా రాయి. లేకపోతే డ్రైవ్ ఇంట్లో మర్చిపోయి వెళ్ళిన రోజు ల్యాప్‌టాప్ బూట్ దగ్గరే ఆగుతుంది. తర్వాత వర్ట్-మేనేజర్‌లో దాన్ని కొత్త స్టోరేజ్ పూల్‌గా కలుపుకో.

వీఎం నడుస్తుండగా కేబుల్ కదిలితే పెద్ద ప్రమాదం. అందుకే నేను ల్యాబ్ వీఎంలు బయట పెడతాను, రోజూ పనిచేసే వీఎం లోపలే ఉంచుతాను. తెనాలి తమ్ముడికి కూడా అదే చెప్తాను.

డల్లాస్_దుర్గ · మంగళవారం ఉదయం 6:20

ఈ చర్చ చదివి నా వర్చువల్‌బాక్స్ ఫోల్డర్ చూశాను. మూడేళ్ళ క్రితం తీసిన స్నాప్‌షాట్లు ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటి తీస్తున్నాను. స్నాప్‌షాట్ కలిపేటప్పుడు దానికీ తాత్కాలికంగా చోటు కావాలి, కాబట్టి డిస్క్ పూర్తిగా నిండేదాకా ఆగకండి. నాకు 15 జీబీ మిగిలి ఉండబట్టి సరిపోయింది.

తెనాలి_ప్రెస్ · పదిహేను రోజుల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

ఇక్కడ ఇంతమంది సమయం పెట్టారు కాబట్టి చివరికి ఏమైందో రాయాలి.

ఆల్మా మూడూ తీసేశాను. బేస్ ఒకటి మూడున్నర జీబీ, దానికి తాళం వేశాను. మూడు ఓవర్‌లేలు కలిపి నాలుగున్నర. 65 జీబీ కాస్తా 8 అయింది. నిన్న కావాలనే ఒకదాని ఎఫ్ఎస్‌ట్యాబ్ చెడగొట్టి, సరిచేయడం రాక ఓవర్‌లే తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారికి వచ్చింది.

విండోస్‌లో నెలకోసారి ఆప్టిమైజ్ చేసేలా క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. దానికి ఇంటర్నెట్ కూడా తీసేశాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, పేజ్‌మేకర్‌కి నెట్‌తో పని లేదు. హోస్ట్‌లోని సాంబా ఫోల్డర్‌ని మాత్రం ఐసొలేటెడ్ (బయటికి దారి లేని) నెట్‌వర్క్ మీద చూపిస్తున్నాను.

శుభలేఖలన్నీ ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో, సంవత్సరాలవారీగా ఉన్నాయి. నాన్నగారు పక్కన కూర్చుని ఏ కార్డు ఎవరిదో చెప్తుంటే పేర్లు పెట్టాను. ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద ఒక కాపీ, మా చెల్లి కంప్యూటర్‌లో ఒక కాపీ. పాతవాటికి పీడీఎఫ్‌లు రోజుకి పది చొప్పున తీస్తున్నాను, ఇప్పటికి 130 అయ్యాయి.

డీఎఫ్ ఇప్పుడు 115 జీబీ ఖాళీ చూపిస్తోంది.

పాత_పెంగ్విన్ · ఆదివారం సాయంత్రం 6:45

నాన్నగారికి నా నమస్కారం చెప్పు బాబూ. ఆ పీడీఎఫ్‌లు తీసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ అవుతున్నాయో (ఫైలు లోపలే చేరుతున్నాయో) లేదో ఒక్కసారి చూడు. ఉబుంటులో పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ నడిపితే ప్రతి ఫాంటు పక్కన అవును, కాదు అని వస్తుంది. కాదు అని ఉంటే వేరే కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

తెనాలి_ప్రెస్ · ఆదివారం రాత్రి 7:20

చూశాను మాస్టారూ. 130లో 11 "కాదు" అన్నాయి. అన్నీ మొదటి రెండు రోజుల్లో తీసినవే. వాటిని మళ్ళీ తీస్తున్నాను.